కారే కుండలో నీళ్లు పోయమంటారా? కామన్‌సెన్స్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

రేపల్లె ప్యాసింజర్ అడిగిన ప్రశ్న:

మా ఇంట్లో నిన్నటి నుంచి పెద్ద పంచాయితీ నడుస్తోంది. మీరే తేల్చాలి.

అక్క కొడుక్కి మూడేళ్లు. నిన్న పొద్దున్నుంచి వాడికి నీళ్ల విరేచనాలు. డాక్టర్ గారు చూసి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ సిరప్ రాసి, "ఎంత తాగితే అంత పట్టండి, అన్నం మానిపించకండి" అని పంపించేశారు. సెలైన్ పెట్టలేదు, ఇంజెక్షన్ చేయలేదు. మా నాన్నకి అక్కడే అనుమానం మొదలైంది. ఇంటికొచ్చి అర గ్లాసు పట్టించామో లేదో వాడు మళ్లీ వెళ్లాడు. ఇక నాన్న గ్లాసు లాక్కున్నంత పని చేశారు. "కారే కుండలో నీళ్లు పోస్తూ, కారుతోంది కారుతోంది అని ఏడిస్తే ఎట్లా? ముందు పోయడం ఆపండి, అదే కట్టుకుంటుంది. దీనికి డాక్టరు చదువు అక్కర్లేదు, కామన్‌సెన్స్ చాలు" అన్నారు.

నాన్నని తీసిపారేయలేను. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంజిన్ చప్పుడు విని ఏం పోయిందో చెప్పేవారు, గ్యారేజీలో విప్పి చూస్తే అదే అయ్యుండేది. ఇంట్లో మోటారు, మిక్సీ, ఫ్యాను ఏది మొరాయించినా ఆయన చెయ్యి పడాల్సిందే. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కానీ ఫ్యూజు వేయడం ఇప్పటికీ ఆయన్నే అడుగుతాను. అలాంటి మనిషితో "డాక్టర్ చెప్పారు కాబట్టి" అని వాదిస్తే ఏం నిలబడుతుంది?

నా ప్రశ్నలు రెండు. నాన్న మాటలో తప్పు సరిగ్గా ఎక్కడుంది? ఇన్ని విషయాల్లో కరెక్టుగా పనిచేసే బుర్ర ఇక్కడ మాత్రం ఎందుకు పనిచేయదు?

(పిల్లాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, టీవీ రిమోట్ కోసం కొట్లాడుతున్నాడు. కాబట్టి "ముందు ఆస్పత్రికి తీసుకెళ్లు" అని ఎవరూ టెన్షన్ పెట్టకండి.)

సిస్టర్ (రిటైర్డ్) జవాబు:

బాబూ, ముందు ఆ గ్లాసు మీ నాన్నగారి చేతిలోంచి తీసుకుని మీ అక్కకి ఇవ్వండి. వాదన తర్వాత.

నేను స్టాఫ్ నర్సుగా చేశాను. శ్రీకాకుళం వైపు పీహెచ్‌సీల్లో, ఆ తర్వాత పిల్లల వార్డులో. మీ నాన్నగారన్న మాట వానాకాలం వస్తే చాలు, రోజూ వినేదాన్ని. ఆ మాట అనేవాళ్లు తెలివితక్కువవాళ్లని నేనెప్పుడూ అనుకోలేదు. కంటికి కనపడేదాన్ని బట్టి చూస్తే వాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. గ్లాసు లోపలికి వెళ్లింది, పావుగంటలో విరేచనం అయింది. ఈ రెంటికీ ముడిపెట్టడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది? పైగా నీళ్లు ఆపి చూస్తే నిజంగానే కాసేపటికి తగ్గినట్టు ఉంటుంది. ఒంట్లో పోవడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి తగ్గుతుంది. పిల్లాడు ఏడుపు మానేసి మగతగా పడుకుంటాడు. "హమ్మయ్య, కట్టింది, నిద్రపోయాడు" అనుకుంటారు ఇంట్లోవాళ్లు. వార్డులో మాకు అన్నిటికంటే భయం వేసేది ఆ నిద్ర చూస్తేనే. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలితే చటుక్కున సర్దుకోవాలి. రెండు సెకన్లు దాటినా ముడత అలాగే ఉందంటే ఇక క్షణం ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు కుండ సంగతి. కుండ గోడ ఊరికే నిలబడి ఉంటుంది. పేగు గోడ అలా కాదు, అది పొద్దస్తమానం నీళ్లు పీలుస్తూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి పేగులోకి రోజుకి ఇంచుమించు 8, 9 లీటర్ల ద్రవం చేరుతుంది. అందులో మనం తాగింది రెండు లీటర్లు, మిగతాదంతా లాలాజలం, జీర్ణరసాలు, పిత్తం లాంటివి, మన ఒంట్లోంచి ఊరినవే. చివరికి మలంలో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు. అంటే దాదాపు అంతా వెనక్కి తీసుకుంటుంది. విరేచనాలప్పుడు జరిగేదేమిటంటే, బయటికి ఊరడం పెరుగుతుంది, వెనక్కి పీల్చడం తగ్గుతుంది. తగ్గుతుంది, ఆగదు. కలరా సూక్ష్మజీవి విషం కూడా పేగు కణాల చేత ఉప్పూ నీళ్లూ కక్కిస్తుందే గానీ, ఒక దాని జోలికి పోదు: గ్లూకోజ్‌నీ సోడియంనీ జతగా లోపలికి తీసుకెళ్లే ప్రొటీన్. ఒక గ్లూకోజ్, రెండు సోడియం, వాటి వెంట నీళ్లు. ఇలా జతగా వెళ్తాయన్న సంగతిని రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సమావేశంలో ప్రతిపాదించాడు. ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించినా ఈ జత సంగతి తట్టదు. తట్టడానికి ఏ గుర్తూ బయటికి కనపడదు.

అందుకే వట్టి నీళ్లు చాలవు, వట్టి ఉప్పునీళ్లూ చాలవు. చక్కెర ఎక్కువేస్తే ఇంకా బలం కదా అని ప్యాకెట్ కలిపిన నీళ్లలో మళ్లీ రెండు స్పూన్లు పంచదార వేసే తల్లులు ఉండేవారు. (అదీ కామన్‌సెన్సే.) చక్కెర మోతాదు మించితే అదే ఒంట్లో నీళ్లని పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఇప్పటి డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరు నీళ్లకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. పాత ఫార్ములాలో ఉప్పూ గ్లూకోజూ ఇంతకంటే ఎక్కువ ఉండేవి, 2000 తర్వాత తగ్గించారు. జ్యూస్ డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మేవాటి గురించి హైదరాబాద్‌లోని పిల్లల డాక్టరమ్మ ఒకరు ఏళ్ల తరబడి పోరాడింది ఇందుకే. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఫార్ములా ప్రకారం లేనివాటి పేర్లలో ఆ మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది.

ఇక మీ నాన్నగారికి 1971 నాటి సంగతి ఒకటి చెప్పండి. బంగ్లాదేశ్ యుద్ధంలో కోటిమంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. సరిహద్దులో బన్‌గావ్ అని ఊరు, పశ్చిమ బెంగాల్‌లో. శిబిరాల్లో కలరా పాకింది. ఆస్పత్రిలో మంచాలు లేవు, రోగులు నేల మీదే, విరేచనాల్లో వాంతుల్లో మోకాళ్ల మీద కూర్చుని డాక్టర్లు సెలైన్ సూదులు గుచ్చాల్సిన పరిస్థితి. ఆ సెలైన్ కూడా అయిపోవచ్చింది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలకత్తాలో ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా తూకం వేయించి ప్యాకెట్లు కట్టించారు. లీటరుకి గ్లూకోజ్ 22 గ్రాములు, ఉప్పు మూడున్నర, సోడా రెండున్నర. శిబిరంలో ట్యాపులున్న డ్రమ్ముల్లో కలిపి, రోగి తాలూకు మనుషుల చేతికే గ్లాసిచ్చి పట్టమన్నారు. అమ్మలు, అక్కలు, భర్తలు పట్టారు. అంతకుముందు వందకి ముప్ఫైమంది దాకా పోతుంటే, ఆయన వైద్యం చేసినవాళ్లలో అది 3.6 శాతానికి దిగింది. చాలామంది పెద్ద డాక్టర్లు మొదట నమ్మలేదు. 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక మాత్రం ఈ శతాబ్దంలోనే అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ కావచ్చని రాసింది. ఆయన 2022లో పోయారు, మరుసటి సంవత్సరం పద్మవిభూషణ్ ఇచ్చారు. ఉప్పూ చక్కెరా నీళ్లూ కలిపినాయన, ఎంతమందికి తెలుసు ఆయన పేరు?

అసలు చిక్కు ఇంకొకటుంది, మీ రెండో ప్రశ్నకి అదే జవాబు అనుకుంటా. మామూలు ఓఆర్‌ఎస్ విరేచనాల్ని ఆపదు. ఎన్నిసార్లు వెళ్లాలో అన్నిసార్లూ పిల్లాడు వెళ్తాడు. పోయినదాన్ని అది భర్తీ చేస్తుంది, అంతే. ఇంట్లోవాళ్లు లెక్కపెట్టేదేమో విరేచనాల్ని. ఆ లెక్కలో చూస్తే ప్యాకెట్ ప్రతిసారీ ఫెయిలే. విరేచనం కట్టే బిళ్ళ ప్రతిసారీ పాసే. చిన్నపిల్లలకి ఆ బిళ్ళ ఎంత ప్రమాదమో ఆ లెక్కలో కనపడదు. మీ నాన్నగారి చేత మూత్రం లెక్కపెట్టించండి. ఎన్నిసార్లు పోశాడు, ఏ రంగులో పోశాడు, నోరు తడిగా ఉందా, ఏడిస్తే కన్నీళ్లొస్తున్నాయా. ఆయన గమనించే మనిషి, గమనించాల్సింది ఏదో తెలిస్తే మనందరికంటే బాగా పట్టుకుంటారు.

పాతచింతకాయ జవాబు:

సిస్టర్ గారు బాగా చెప్పారు. కానీ ఈ థ్రెడ్ పోకడ చూస్తుంటే చివరికి "పెద్దవాళ్లకి ఏం తెలీదు, చదువుకున్నవాళ్లు చెప్పింది వినండి" దగ్గర తేలేట్టుంది. నాకు దాంతో పేచీ ఉంది.

పేగుకి విశ్రాంతి ఇవ్వాలి, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు అని ఒకప్పుడు చెప్పింది ఎవరు? పల్లెటూరి ముసలమ్మలు ఒక్కరేనా? డాక్టర్లు కాదూ? 1953లోనే కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ నోటి ద్వారా ఉప్పు, గ్లూకోజ్ నీళ్లిచ్చి కలరా రోగుల్ని బాగుచేసి అదే లాన్సెట్‌లో రాశారు. ఎవరు పట్టించుకున్నారు? ఏళ్లు పోయాయి. చదువుకున్నవాళ్లకీ ఒక కామన్‌సెన్స్ ఉంటుంది, దానికి తెల్లకోటు ఉంటుంది కాబట్టి మనం గుర్తుపట్టం.

ఇంకోటి. మన ఆంధ్రావాళ్లకి బాగా తగిలేది. కడుపులో అల్సర్ ఎందుకొస్తుంది? కారం, టెన్షన్, టైముకి తినకపోవడం. మా నాన్న జీవితాంతం గొడ్డుకారం మానేసి పెరుగన్నం తిన్నారు. ఈ మాట చెప్పింది ఎంబీబీఎస్ డాక్టర్లే. ఆస్ట్రేలియాలో పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు అల్సర్‌కి ఒక బ్యాక్టీరియా కారణం అంటే, "కడుపులో అంత యాసిడ్‌లో బ్యాక్టీరియా ఎలా బతుకుతుందయ్యా, కామన్‌సెన్స్ లేదా?" అన్నట్టు చూశారు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవుల్ని పెంచిన ద్రవాన్ని గ్లాసులో పోసుకుని తానే తాగేశాడు. కొద్దిరోజులకి వాంతులు, కడుపులో వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్. మా నాన్నకి ఆవకాయ మాత్రం తిరిగి రాలేదు.

ఇక మా నాయనమ్మ. కృష్ణాజిల్లా దివిసీమ మనిషి, నిశాని. ఇంట్లో ఎవరికి కడుపు జారినా అన్నం వార్చిన గంజిలో ఉప్పుకల్లు వేసి, గోరువెచ్చగా గంటగంటకీ ఇచ్చేది. గ్లూకోజ్ ప్రొటీన్ సంగతి ఆవిడకి ఎవరు చెప్పారు? అనుభవం చెప్పింది. కాబట్టి కామన్‌సెన్స్‌ని బోనులో నిలబెట్టేముందు ఎవరి కామన్‌సెన్సో చూడండి.

సిస్టర్ (రిటైర్డ్):

పాతచింతకాయ గారూ, మీ నాయనమ్మకి నా నమస్కారం. ఉప్పేసిన గంజి డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఇవ్వమంటుంది. బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ అయితే కలరా రోగుల్లో విరేచనం పరిమాణాన్ని కూడా తగ్గించిందని పరీక్షల్లో తేలింది. గ్లూకోజ్ ప్యాకెట్ చేయలేని పని అది.

కానీ ఒక్కమాట. మీ నాయనమ్మ గంజి ఇచ్చింది. మా పెద్దత్త "లంఖణం పరమౌషధం" అని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనిచ్చేది కాదు. ఇద్దరూ నిశానులే, ఇద్దరూ పిల్లల్ని పెంచినవాళ్లే, ఇద్దరికీ అనుభవమే. వాళ్లిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడితే రాత్రంతా వాదించుకునేవాళ్లు, తెల్లారినా తేలేది కాదు. ఎందుకంటే చాలామంది పిల్లలకి విరేచనాలు వాటంతటవే తగ్గుతాయి. గంజి తాగినవాడికి తగ్గితే గంజి గొప్ప. పస్తున్నవాడికి తగ్గితే పస్తు గొప్ప. పోయిన బిడ్డ సంగతొస్తే "వాడి రాత" అనేవాళ్లు, ఆ లెక్క ఏ వైపూ రాసుకునేవాళ్లు కాదు.

డాక్టర్ల సంగతి మీరన్నది నిజమే, ఒప్పుకోక తప్పదు. నేను పనిచేసిన ఒకచోట, పిల్లాడు చక్కగా తాగుతున్నా సెలైన్ బాటిల్ వేలాడదీస్తే గానీ ఇంట్లోవాళ్లకి వైద్యం చేసినట్టు అనిపించదని, వేలాడదీసేవాళ్లు. అందులో ఇంట్లోవాళ్ల నమ్మకం ఎంత, డాక్టర్ నమ్మకం ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాలేదు.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగి తల్లులకి మూడువేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు కలపడం నేర్పింది. కోటి ఇళ్లకి పైనే. నేర్పినవాళ్లకి జీతం ఎలాగో తెలుసా? కొన్నాళ్లకి ఇంకొకరు వెళ్లి ఆ తల్లిని పరీక్షిస్తారు. ఆవిడకి ఎంత గుర్తుందో దాన్ని బట్టి డబ్బు. మన దగ్గర గోడ మీద బొమ్మ వేసి వదిలేస్తాం.

సెకండ్ గేర్ జవాబు:

రేపల్లె తమ్ముడూ, మీ నాయన ఆర్టీసీ అన్నావు కాబట్టి రాస్తున్నా. నేనూ అదే డ్యూటీ, తిరుపతి వైపు. తిరుమల ఘాట్‌లో ఎక్కి దిగినోణ్ణి. కొత్తగా వచ్చిన డ్రైవర్లకి పక్కన కూర్చుని నేర్పించేవాణ్ణి కూడా.

మీ నాయనకి డాక్టర్ లెక్క వద్దు, ఘాట్ లెక్క అడుగు. కొత్త డ్రైవర్ ఎవడైనా దిగేటప్పుడు ఏమనుకుంటాడు? బండి జోరందుకుంటోంది, బ్రేకు ఉన్నది ఆపడానికే కదా, కాలు బ్రేకు మీద పెట్టి మెల్లగా దిగుదాం. పైగా డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వేసేవాడు ఇంకొకడు. వినడానికి రెండూ సబబుగానే ఉంటాయి. కింద తేలే సంగతి వేరు. తొక్కిన బ్రేకు తొక్కినట్టే ఉంటే డ్రమ్ము కాలుతుంది, కాలిన డ్రమ్ము వ్యాకోచిస్తుంది, లైనింగ్ పట్టు వదిలేస్తుంది. ముందు లైనింగ్ కాలిన వాసన వస్తుంది, తర్వాత వెనక చక్రాల దగ్గర పొగ, ఆ తర్వాత పెడల్ తొక్కినా బండి వినదు. మాటిమాటికీ తొక్కితే ఎయిర్ ప్రెజర్ కూడా పడిపోతుంది. అందుకే మొదటిరోజే చెప్పేవాళ్లం: ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగు. ఇంజినే బండిని పట్టుకోవాలి, బ్రేకు అవసరమైనప్పుడు కొట్టి వదలాలి. బండిని ఆపేది ఇంజిన్ అంటే కొత్తోడికి నవ్వొస్తుంది. ఇంజిన్ ఉన్నది నడపడానికి కదా అంటాడు.

ముందు టైరు పేలినప్పుడు కూడా అంతే. కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది. పోనీయకూడదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, బండిని తిన్నగా పోనిచ్చి జోరు తగ్గనివ్వాలి. ఇది మీ నాయనకి నీకంటే నాకంటే బాగా తెలుసు. ఎట్లా తెలిసింది? పుట్టుకతో రాలేదు, ట్రైనింగ్‌లో ఎవరో నెత్తి మీద మొట్టి చెప్పారు.

నువ్వడిగిన రెండోదానికి నాకు తోచింది ఇది. ఇంజిన్ చప్పుడు విని పంపు పోయిందని మీ నాయన అంటాడు. గంటలో మెకానిక్ విప్పి అవునో కాదో తేలుస్తాడు. ఏళ్లకేళ్లు అట్లా తప్పుపడుతూ ఒప్పుపడుతూ చెవి తయారైంది. ఘాట్‌లో అట్లా కాదు, బ్రేకు తొక్కి దిగినోడికి మొదటి మలుపులన్నీ బ్రహ్మాండంగా ఉంటాయి. వాడిదే రైటని వాడు నమ్మేలోగా పొగ వస్తుంది.

బేగంపేట నుంచి:

పైన అందరూ మంచిగ రాసిన్రు. నాది చిన్న ముచ్చట, మా ఇంటి దగ్గరిదే.

చిత్తడి నేలల మీంచి వచ్చే చెడ్డగాలితోనే చలిజ్వరం, అంటే మలేరియా, వస్తదని వందల ఏండ్లు లోకమంతా నమ్మింది. ఇందులో గమనించింది తప్పు కాదు. నీళ్లు నిలిచిన చోట జ్వరాలు ఎక్కువ, సాయంత్రం తర్వాత బయట తిరిగితే ఎక్కువ, కిటికీలు మూసుకుని పడుకున్నోళ్లకు తక్కువ. అన్నీ నిజాలే. కిటికీ మూస్తే గాలి ఆగుతదని మూసిన్రు, ఆగింది మాత్రం దోమ. కారణం తప్పైనా సలహా కొంత పనిచేసింది, అందుకే నమ్మకం ఇంకా గట్టిపడ్డది.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే, సికింద్రాబాద్‌ల, దోమ కడుపు కోసి మైక్రోస్కోప్ కింద చూసి మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిండు. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా ఇచ్చిన్రు. రాస్‌కు 1902ల నోబెల్ వచ్చింది. ఆ బిల్డింగ్ ఇంకా ఉన్నది, మస్తు మంది దాని ముందుకెళ్లి పోతనే ఉంటరు గానీ లోపల ఏం జరిగిందో ఎరుక లేదు.

సిస్టర్ గారు చెప్పిన విరేచనాల లెక్క చదివినాక నాకు ఇదే యాదికొచ్చింది. వాసన ముక్కుకు తెలుస్తది. దోమ కుట్టిన పది, పదిహేను రోజులకు గానీ జ్వరం రాదు, అప్పటికి ఆ కుట్టిన సంగతి ఎవరికి గుర్తుంటది?

రేపల్లె ప్యాసింజర్:

అందరికీ థ్యాంక్స్. సాయంత్రం కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. సెకండ్ గేర్ గారి జవాబు రెండోసారి చదివించుకున్నారు, "వీడెవడో డ్యూటీ తెలిసినవాడు" అన్నారు. న్యూట్రల్‌లో దిగి సస్పెండ్ అయిన ఒకతని కథ అరగంట చెప్పారు, అది ఇక్కడ రాయలేను.

పేగు గోడ పీలుస్తుందన్నది మాత్రం ఇంకా పూర్తిగా మింగుడు పడలేదు. "చూపించమను" అంటున్నారు. కానీ గ్లాసు లాక్కోవడం మానేశారు, పిల్లాడు ఎన్నిసార్లు మూత్రం పోశాడో క్యాలెండర్ మీద గీతలు గీస్తున్నారు. అక్క నవ్వు ఆపుకోలేకపోతోంది.

సిస్టర్ గారికి నాన్న పంపిన ప్రశ్నలు: ప్యాకెట్ లేనప్పుడు ఉప్పేసిన మజ్జిగ ఇవ్వొచ్చా? తనకి షుగర్ ఉంది, తనకే విరేచనాలు పట్టుకుంటే గ్లూకోజ్ ఉన్న ఈ నీళ్లు ఎలా తాగాలి? వాడు తాగగానే వాంతి చేసుకుంటే పోసిందంతా దండగే కదా?

సిస్టర్ (రిటైర్డ్):

"చూపించమను" అన్నారా? మంచి పేషెంట్. చూపించడానికి నా దగ్గర పేగు లేదు గానీ, ఆ క్యాలెండర్ మీద గీతలే చూపిస్తాయి. లోపలికి వెళ్లినదంతా విరేచనంలోనే పోతుంటే మూత్రం ఎక్కణ్ణుంచి వస్తోందని అడగండి.

ఉప్పేసిన మజ్జిగ, ఉప్పేసిన గంజి రెండూ ఇవ్వొచ్చు. ఏదీ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో కొలిచి, తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. అంతకు మించి ఏదీ వేయొద్దు.

షుగర్ ఉన్నవాళ్లు కూడా విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్ తాగొచ్చు, లీటరులో ఉన్న గ్లూకోజ్ పదమూడున్నర గ్రాములే. మధ్యమధ్యలో షుగర్ చెక్ చేసుకోవాలి. ఆయనకి కిడ్నీ, గుండె జబ్బులుంటే మాత్రం డాక్టర్‌ని అడిగే తాగాలి.

వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి గ్లాసుతో కాదు, రెండు మూడు నిమిషాలకి ఒక చెంచా చొప్పున. వాంతిలో పోయినా కొంత లోపల ఉంటుంది. రెండేళ్లు దాటిన పిల్లాడికి ఒక్కో విరేచనం తర్వాత 100 నుంచి 200 మిల్లీలీటర్లు. మలంలో రక్తం పడినా, తాగడం మానేసినా, కళ్లు లోతుకి పోయినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా ఇంట్లో ఉంచొద్దు. జింక్ విరేచనాలు తగ్గాక కూడా 14 రోజులూ పూర్తిగా ఇవ్వాలి, చాలామంది మూడోరోజే ఆపేస్తారు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. లీటరు ప్యాకెట్‌ని కొంచెం కొంచెంగా గ్లాసులో కలపకండి, ఒకసారి చిక్కగా ఒకసారి పల్చగా అవుతుంది. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలిపి మూతపెట్టి, 24 గంటలు దాటితే పారబోయండి. మీ ఇంట్లో చెంబు ఎన్ని నీళ్లు పడుతుందో నాన్నగారిని లీటరు బాటిల్‌తో ఒకసారి కొలిచి పెట్టమనండి.